తుంటి విరిగినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న

"పెద్దవయసులో తుంటి ఎముక విరిగితే రాడ్డు మంచిదా, ప్లేటు మంచిదా, బంతి మార్పించడం మంచిదా?" ఈ ప్రశ్న నన్ను తరచుగా అడుగుతున్నారు. నేను నాదెండ్లలో ఆయుర్వేద వైద్యం చేసేవాణ్ణి. శస్త్రచికిత్స చేసేవాణ్ణి కాను. అయినా మన గ్రామాలలో ఇంటి పెద్ద జారిపడినప్పుడు మొదటి కబురు ఎముకల డాక్టరుకు వెళ్ళదు. తైలం ఇచ్చే వైద్యునికో, కట్టు కట్టే పెద్దమనిషికో వెళుతుంది. ఆ మొదటి గంటలలో మేమిచ్చే సలహాను బట్టే ఆ మనిషి మళ్ళీ నడవడం, నడవకపోవడం చాలావరకు నిర్ణయమవుతుంది. అందుచేత ఈ విషయాన్ని ఈ పత్రికలో ప్రస్తావించడం అప్రస్తుతం కాదని భావిస్తున్నాను.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. తుంటి విరిగినవారి విషయంలో "ఏ లోహం మేలైనది?" అన్నది రెండవ ప్రశ్న మాత్రమే. "ఎముక ఎక్కడ విరిగింది? ఎంత త్వరగా ఈమెను మంచం మీద నుండి లేపగలం?" అన్నది మొదటి ప్రశ్న. మొదటి ప్రశ్నను విడిచి రెండవదాని చుట్టూ తిరిగే కుటుంబాలను చూచాను. రెండింటినీ విడిచి తైలం రాసినవాణ్ణి నేనే.

ఒక కార్తీకమాసపు ఉదయం

ఇది చాలా సంవత్సరాల క్రిందటి మాట. మా మేనత్తకు అప్పటికి డెబ్బై దాటాయి. కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానం చేసి, తులసికోట వద్ద దీపం పెట్టబోతూ, తడిసిన నాపరాళ్ళ మీద జారి కుడి పక్కకు పడిపోయింది. నేను వెళ్ళేసరికి మంచం మీద వెల్లకిల పడుకొని ఉంది. కుడికాలు ఎడమకాలి కన్న కొంచెం పొట్టిగా కనిపిస్తున్నది. పాదం బయటివైపుకు తిరిగిపోయి ఉంది. ఆ రెండు గుర్తులు చూచినప్పుడే తుంటి విరిగిందని నేను గ్రహించవలసింది.

"ఏమీ కాలేదురా అబ్బాయ్! నరం పట్టింది. నీ తైలం కాస్త రాయి, రెండు రోజులలో లేచి తిరుగుతాను" అన్నది అత్తయ్య. ఆ మాట వినడానికి సుఖంగా ఉంది. తైలం రాశాను. మూడు రోజుల తర్వాత కట్టు కట్టే ఆయనను పిలిపించాము. ఆయన వెదురుబద్దలు వేసి కట్టి, నలభై రోజులు కదపవద్దన్నాడు.

నలభై రోజులు ఆమె కదలలేదు. రెండవ వారంలో నడుము క్రింద చర్మం కమిలింది. నాలుగవ వారానికి అది పుండయింది. ఆ తర్వాత దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళి ప్రభలు చూచి వచ్చే మనిషి, ఆ ఏడు తిరునాళ్ళు రాకముందే, మాఘశుద్ధంలో కన్నుమూసింది. "పెద్దవయసు, కాలం తీరింది" అని బంధువులు సరిపెట్టుకున్నారు. నేను సరిపెట్టుకోలేకపోయాను. ఆమె ప్రాణం తీసినది నలభై రోజుల మంచమే. ఆ మంచం మీద ఆమెను ఉంచినవారిలో మొదటివాణ్ణి నేను.

ఆ తర్వాతనే ఈ విషయం గురించి శ్రద్ధగా చదవడం, ఎముకల వైద్యులను అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తుంటి విరిగిన వృద్ధులలో ఏడాది తిరిగేలోపల మరణించేవారు నూటికి 20 నుండి 30 మంది వరకు ఉంటారని వివిధ దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఊపిరితిత్తులలో నెమ్ము చేరడం, కాలి సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, శయ్యావ్రణాలు, మూత్రంలో చీము వంటివి ఇందుకు ముఖ్యకారణాలు. ఇవన్నీ కదలక పడి ఉండడంతో బలపడే వ్యాధులే.

కట్టు ఎక్కడ పనిచేస్తుంది?

కట్టు వైద్యాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు కుటుంబం ఉండదు. ముంజేయి, మణికట్టు వంటి చోట్ల ఎముక పెద్దగా తొలగకుండా విరిగినప్పుడు, దానిని సరిగా కూర్చి కదలకుండా నిలిపితే అతుక్కుంటుంది. అక్కడ ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది, చేతికి తగులుతుంది, బద్ద దానిని పట్టి నిలపగలదు.

తుంటి సంగతి వేరు. కట్టు ఏదైనా సరే, విరిగిన చోటుకు పైనున్న కీలును, క్రిందనున్న కీలును కూడా కదలకుండా పట్టాలి. తుంటి దగ్గర పైనున్న కీలు తుంటికీలే. అది దట్టమైన కండరాల అడుగున ఉన్నది. బయట ఎంత బిగించినా, మనిషి పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా లోపల విరిగిన కొనలు కదులుతూనే ఉంటాయి. బలమైన తొడకండరాలు క్రింది ముక్కను పైకి లాగుతాయి. కాలు పొట్టిగా కనబడడానికి కారణమదే.

మరొక చిక్కు కూడా ఉన్నది. తొడ ఎముక పైభాగంలో గుండ్రని తల, దాని క్రింద సన్నని మెడ, ఆ క్రింద కండరాలు అంటుకొనే ఉబ్బు భాగం ఉంటాయి. ఆ ఉబ్బును డాక్టర్లు ట్రోకాంటర్ అంటారు. తలకు చేరే రక్తంలో అధికభాగం మెడను ఆనుకొని పైకి పాకే సన్నని నాళాల ద్వారా వస్తుంది. మెడ విరిగి ముక్కలు తొలగిపోతే ఆ నాళాలు తెగుతాయి. రక్తం అందని తల క్రమంగా నిర్జీవమై కుంగిపోతుంది. బయట రాసే తైలానికీ, లోపలికి ఇచ్చే ఔషధానికీ ఆ తెగిన నాళాలను అతికే శక్తి లేదు. ఉబ్బు భాగానికి మాత్రం రక్తం సమృద్ధిగా అందుతుంది. అక్కడ విరిగిన ఎముక అతుక్కుంటుంది. కాని పట్టి నిలిపేది లేకపోతే వంకరగా, పొట్టిగా అతుక్కుంటుంది.

సుశ్రుతుడు చెప్పినది

"ఆయుర్వేదం తెలిసినవాడివై ఉండి శస్త్రచికిత్సను పొగుడుతున్నావేమి?" అని కొందరు మిత్రులు నన్ను ఆక్షేపించారు. వారికి నా సమాధానం సుశ్రుతసంహితలోనే ఉన్నది. నిదానస్థానంలో భగ్నాలను సంధిముక్తమనీ, కాండభగ్నమనీ విభజించి, మొదటిదానిలో 6 రకాలు, రెండవదానిలో 12 రకాలు చెప్పిన గ్రంథమది. కటిప్రదేశంలోని కపాలాస్థి పగలడం, జఘనం నుగ్గవడం వంటి వాటిని వైద్యుడు చేపట్టకుండా వర్జించవలసినవిగా ఆ ఆచార్యుడే పేర్కొన్నాడు. తన చేతికి లొంగని దానిని లొంగదని చెప్పడం కూడా శాస్త్రంలో భాగమేనని మనం గ్రహించాలి.

చికిత్సాస్థానంలో తొడ, పిక్క ఎముకలు విరిగినవారికి కపాటశయనం విధించాడు. రోగిని పలక మీద పడుకోబెట్టి, కాలు కదలకుండా ఐదు కీలకాలతో, అంటే మేకులతో, కట్టి ఉంచే పద్ధతి అది. విరిగిన ఎముక కుదురుకోవడానికి చిన్నవయసులో ఒక నెల పడితే, నడివయసులో దానికి రెట్టింపు, వృద్ధాప్యంలో మూడింతలు పడుతుందని కూడా చెప్పాడు. ఈ రెండు మాటలను కలిపి ఆలోచించండి. విరిగిన ఎముక కదలకూడదు. వృద్ధురాలికి మూడు నెలలు పడుతుంది. కాని మూడు నెలలు కదలని వృద్ధురాలు బ్రతకడం కష్టం. ఈ చిక్కును విప్పడానికే నేటి శస్త్రవైద్యులు కీలకాన్ని పలకకు కొట్టడం మాని ఎముక లోపలే అమర్చుతున్నారు. అప్పుడు ఎముక కదలదు, మనిషి కదులుతుంది. సుశ్రుతుని సూత్రానికి ఇది విరుద్ధమని నాకు తోచదు.

పాశ్చాత్యులకు కూడా ఈ విద్య అనాదిగా ఉన్నది కాదు. 1925లో బోస్టన్ నగరంలో స్మిత్ పీటర్సన్ అనే వైద్యుడు మూడు రెక్కల ఉక్కుమేకును తొడ ఎముక మెడలోకి కొట్టి, ఆ పద్ధతిని 1931లో ప్రకటించేవరకు, అక్కడి వృద్ధులు కూడా పిండికట్టులలోనే నెలల తరబడి పడి ఉండేవారు. 1940లో అమెరికాలోని ఆస్టిన్ మూర్, హెరాల్డ్ బోల్‌మన్ లోహంతో చేసిన తలను ఒక రోగికి అమర్చారు. మూర్ ఆ తర్వాత తీర్చిదిద్దిన బంతి ఆయన పేరు మీదనే మన దేశంలో కూడా ప్రసిద్ధమైంది. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లే తలను, గిన్నెను రెండింటినీ మార్చే పద్ధతిని స్థిరపరచాడు.

సాధనాలు, వాటి పనులు

ఇక అసలు పోలికకు వద్దాం. డాక్టరు ఎక్స్‌రే చూపి చెప్పే మాటలు గృహస్థులకు అర్థం కావడానికి వీలుగా నాలుగు తరగతులు చేసి చెబుతాను.

మొదటిది, స్క్రూలు. మెడ విరిగినా ముక్కలు తొలగకుండా ఉన్నప్పుడు, చిన్న గాట్ల ద్వారా సాధారణంగా మూడు స్క్రూలను మెడ గుండా తలలోకి బిగిస్తారు. సొంత తల నిలుస్తుంది. వయసు తక్కువ ఉన్నవారిలో ముక్కలు తొలగినా, వాటిని తిరిగి కూర్చి, సొంత తలను కాపాడడానికే ప్రయత్నిస్తారు.

రెండవది, బంతి మార్చడం. వృద్ధులలో మెడ విరిగి ముక్కలు తొలగిపోతే, రక్తం తెగిన తలను తీసివేసి లోహపు బంతిని పెడతారు. బంతిని మాత్రమే మార్చితే సగం మార్పిడి, గిన్నెను కూడా మార్చితే పూర్తి మార్పిడి. సగం మార్పిడిలో ఒకే కదలిక గల పాతరకం బంతి, బంతిలో బంతి తిరిగే బైపోలార్ రకం అని రెండున్నాయి. బంతి కాడను ఎముకలో సిమెంటుతో గాని, సిమెంటు లేకుండా గాని నిలుపుతారు.

మూడవది, జారే స్క్రూ, ప్లేటు. దీనినే డి.హెచ్.ఎస్. అంటారు. మెడ క్రింది ఉబ్బు భాగంలో విరిగినప్పుడు లావుపాటి స్క్రూను తలలోకి పంపి, దానిని తొడ ఎముక పక్కన బిగించిన ప్లేటుకు గల గొట్టంలో జారేటట్లు అమర్చుతారు. మనిషి అడుగు వేసినప్పుడు ఆ బరువుకు స్క్రూ గొట్టంలో కొద్దిగా జారి, విరిగిన ముక్కలు ఒకదానికొకటి ఒత్తుకొని త్వరగా అతుక్కుంటాయి.

నాలుగవది, లోపలి రాడ్డు. పి.ఎఫ్.ఎన్., గామా నెయిల్ అనే పేర్లు మీరు వినే ఉంటారు. ఇది తొడ ఎముక మధ్యనున్న మూలుగు కాలువలో దిగుతుంది. దాని నుండి స్క్రూ తలలోకి వెళుతుంది. బరువు ఎముక నడుమ నుండి దిగుతుంది కాబట్టి, ఉబ్బు బయటిగోడ చితికినప్పుడు, విరుగు అడ్డదిడ్డంగా పోయినప్పుడు, లేక ఉబ్బు క్రిందికి దిగినప్పుడు ఇది ప్లేటు కన్న గట్టిగా నిలుస్తుంది.

అంటే ఈ నాలుగూ ఒకే అంగడిలోని నాలుగు రకాల సరుకు కావు. ఎముక ఎక్కడ విరిగిందో దానిని బట్టి సాధనం దాదాపు నిర్ణయమైపోతుంది. మెడ విరిగి తల రక్తం కోల్పోయిన వృద్ధురాలికి ఎంత ఖరీదైన రాడ్డు వేసినా ఆ తలకు ప్రాణం రాదు. ఉబ్బు దగ్గర విరిగినామెకు, సొంత తల చక్కగా ఉండగా, సాధారణంగా బంతి మార్చవలసిన పని లేదు.

పోల్చి చూచినవారు కనుగొన్నది

ఒకే తరగతి విరుగుకు రెండు సాధనాలు పనికివచ్చినప్పుడు ఏది మేలన్న విషయాన్ని ఇటీవలి సంవత్సరాలలో వేలాది రోగులలో పోల్చి చూచారు. ఆ ఫలితాలు తెలిసిన తర్వాత నా అభిప్రాయం మరింత బలపడింది.

మన దేశంతో సహా 8 దేశాలలో 1108 మందిపై జరిపిన పరిశీలన 2017లో వెలువడింది. మెడ విరిగినవారిలో కొందరికి విడి స్క్రూలు, కొందరికి జారే స్క్రూ, ప్లేటు వేశారు. రెండేళ్ళలో మళ్ళీ శస్త్రచికిత్స అవసరమైనవారు మొదటివారిలో నూటికి 22, రెండవవారిలో 20. చెప్పుకోదగిన తేడా లేదు.

2019లో వెలువడిన మరొక పరిశీలనలో, మెడ విరిగి ముక్కలు తొలగిన 1495 మందికి సగం మార్పిడి, పూర్తి మార్పిడి పోల్చారు. రెండేళ్ళలో మరల శస్త్రచికిత్స అవసరమైనవారు పూర్తి మార్పిడిలో నూటికి 7.9, సగం మార్పిడిలో 8.3. పూర్తి మార్పిడి చేయించుకున్నవారి నడక స్వల్పంగా మెరుగు. కాని కీలు జారే ప్రమాదం వారిలోనే ఎక్కువ. బైపోలార్ బంతి పాతరకం బంతి కన్న స్పష్టంగా మేలని కూడా ఇంతవరకు తేలలేదు.

తేడా కనిపించిన చోటు ఒకటి ఉన్నది. 2022లో బ్రిటనులో 60 ఏళ్ళు దాటిన 1225 మందిపై చేసిన పరిశీలనలో, సిమెంటుతో నిలిపిన బంతి గలవారి జీవనం సిమెంటు లేనివారి కన్న మెరుగుగా ఉన్నది. బంతి కాడ చుట్టూ ఎముక మళ్ళీ విరగడం సిమెంటు వేసినవారిలో నూటికి 0.5, వేయనివారిలో 2.1. అయితే సిమెంటు వేసే సమయంలో కొందరికి రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉన్నందున, గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే మత్తు డాక్టరుకు ముందే దాచకుండా చెప్పాలి.

ఉబ్బు దగ్గర విరిగినవారిలో రాడ్డును, జారే స్క్రూ, ప్లేటును పోల్చిన పరిశీలన 2023లో వెలువడింది. 850 మందిని ఏడాది గమనించగా వారి జీవన నాణ్యతలో తేడా కనిపించలేదు. బ్రిటను ప్రభుత్వ వైద్యమార్గదర్శకాలు 2011లోనే, విరుగు ఉబ్బు క్రిందికి దిగనంతవరకు, తిరగబడిన విరుగు కానంతవరకు, జారే స్క్రూనే వాడమని, ఉబ్బు క్రిందికి దిగిన విరుగుకు రాడ్డు వాడమని సూచించాయి. సంపన్న దేశం కూడా తన ప్రజలకు తక్కువ ధర సాధనం చాలునని చెబుతున్నదంటే మనం ఆలోచించాలి. అట్లని రాడ్డు వేసే డాక్టరు తప్పు చేస్తున్నాడని కాదు. తన చేతికి బాగా అలవాటైన సాధనాన్ని సరైన స్థానంలో అమర్చడం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. స్క్రూ కొన తలలో సరైన చోట కూర్చోకపోతే ఎంత ఖరీదైన లోహమైనా తలను చీల్చుకొని బయటికి వస్తుంది.

రెండు రోజుల వాదన

కొంతకాలం క్రిందట మా వీధిలో ఒక పెద్దావిడ వాకిట్లో జారిపడింది. ఈసారి నేను తైలం సీసా తీయలేదు. కాళ్ళ మధ్య దిండు పెట్టి, రెండు కాళ్ళను మెత్తని గుడ్డతో కలిపి కట్టించి, 108 వాహనంలో పట్టణానికి పంపించాను. అదే రోజు ఎక్స్‌రే తీశారు. ఉబ్బు దగ్గర రెండే ముక్కలుగా విరిగింది. జారే స్క్రూ, ప్లేటు చాలునని, మరునాడే చేద్దామని డాక్టరు చెప్పారు.

అక్కడ మొదలయింది వాదన. "ప్లేటు పాతకాలపుదట. రాడ్డయితే జీవితాంతం ఉంటుందట" అన్నాడు పెద్దకొడుకు. "అసలు బంతే మార్పించేస్తే మళ్ళీ బాధ ఉండదు కదండీ" అన్నాడు అల్లుడు. అమెరికాలో ఉన్న చిన్నకొడుకు ఫోను చేసి, "ఖర్చు చూడవద్దు అన్నయ్యా, అన్నిటికన్న మంచిది, విదేశీ టైటానియం వేయించు" అన్నాడు. ఎక్స్‌రే పట్టుకొని ముగ్గురు డాక్టర్ల దగ్గర తిరిగారు. వారందరిదీ తల్లి మీద ప్రేమే. కాని రెండు రోజులు గడిచిపోయాయి. మూడవనాటికి ఆవిడకు మతిభ్రమ పట్టి కొడుకులనే గుర్తుపట్టలేదు. చివరకు మొదటి డాక్టరు చెప్పిన ప్లేటే వేశారు. ఆవిడ కోలుకున్నది, నేడు వాకర్ పట్టుకొని నడుస్తున్నది. కాని ఆ రెండు రోజులు వృథాగా పోయినవే.

త్వరగా శస్త్రచికిత్స చేస్తే ఏమి లాభమో కూడా పరీక్షించి చూచారు. మన దేశంతో సహా 17 దేశాలలో 2970 మందిపై జరిగిన ఆ పరిశీలన 2020లో వెలువడింది. రోగనిర్ధారణ తర్వాత కొందరికి సుమారు 6 గంటలలో, కొందరికి సుమారు 24 గంటలలో శస్త్రచికిత్స చేశారు. 90 రోజులలో మరణించినవారు నూటికి 9, 10. అంటే ఒక రోజు లోపల మరీ పరుగులు పెట్టినందువల్ల ప్రాణాలు ఎక్కువగా దక్కలేదు. కాని త్వరగా చేయించుకున్నవారిలో మతిభ్రమ తగ్గింది, వారు త్వరగా లేచి నిలబడ్డారు. గమనించవలసినదేమంటే అక్కడ ఆలస్యమంటే 24 గంటలు. మన దగ్గర ఆలస్యమంటే రోజులు, వారాలు. చేరిన రోజే గాని మరునాడు గాని శస్త్రచికిత్స జరగాలని బ్రిటను మార్గదర్శకాలు చెబుతాయి. గుండె, చక్కెర, రక్తహీనత వంటివి సరిచేయడానికి డాక్టరు కోరే వ్యవధి వేరు. బంధువుల వాదనకు పోయే వ్యవధి వేరు.

"ఖరీదైనది మేలైనది" అన్న భ్రమ గురించి మరొక్క మాట. లోహంపై లోహం రాసుకొని తిరిగే ఒక కొత్తరకం పూర్తి తుంటికీలును గొప్పగా ప్రచారం చేసి అమ్మారు. దాని పేరు ఏ.ఎస్.ఆర్. చాలామందికి అది పాడై మళ్ళీ శస్త్రచికిత్స అవసరం కావడంతో 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నారు. మన దేశంలో బాధితులకు నష్టపరిహారం విషయం 2018 నాటికి గాని కేంద్రప్రభుత్వ స్థాయిలో తేలలేదు. కొత్తదీ ఖరీదైనదీ అయినంత మాత్రాన మేలు కాదని ఇంతకన్న ఋజువు అక్కరలేదు. కాబట్టి ఏది వేసినా, ఆ సాధనం పెట్టె మీది చీటీని, విడిగా రాసిన బిల్లును అడిగి తీసుకొని భద్రపరచండి. ప్రభుత్వ వైద్యసేవా పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి.

మన వైద్యానికి చోటెక్కడ?

ఎముకను నిలిపేది లోహం. అతికేది శరీరం. లోహం అలసి విరిగేలోపల ఎముక అతుక్కోవాలి. శరీరానికి ఆ శక్తినివ్వడంలో మన వంటింటికీ, మన వైద్యానికీ గౌరవప్రదమైన స్థానం ఉన్నది.

నల్లేరుకు అస్థిసంహారకమని పేరు. ఎముకను సంధించేదని దాని ప్రసిద్ధి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ గార్లు 1960 దశకం ఆరంభంలోనే నల్లేరుపై పరిశోధించి, ఎముక అతకడానికి అది తోడ్పడుతుందని ప్రకటించారు. లేత కణుపులను, చేతికి నూనె రాసుకొని, నార తీసి, నువ్వులనూనెలో బాగా వేయించి, మినప్పప్పు, ఎండుమిరప, చింతపండు చేర్చి పచ్చడి చేసుకోవచ్చు. సరిగా వేగకపోతే నాలుక దురద పెడుతుంది. అయితే తొలగిన ఎముకను నల్లేరు తన చోటికి తేలేదు. శస్త్రచికిత్సకు బదులుగా కాక, శస్త్రచికిత్స తర్వాత ఆహారంగానే దానిని వాడాలి.

భగ్నరోగికి పాలు, నెయ్యి, మాంసరసం, పప్పుకట్టు హితమని, ఎక్కువ ఉప్పు, కారం, పులుపు, ఎండిన రూక్షాహారం అహితమని సుశ్రుతుడు చెప్పాడు. నేటి వైద్యులు మాంసకృత్తులు, సున్నం, విటమిన్ డి అని చెప్పేదానికి ఇది చాలావరకు దగ్గరగా ఉన్నది. ఉదయం రాగిజావ, మధ్యాహ్నం పప్పు, మునగాకు కూర, గ్రుడ్డు తినేవారికి రోజుకొక గ్రుడ్డు, రాత్రి పాలు, వారంలో కొన్నిసార్లు నువ్వులుండ ఇవ్వవచ్చు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. ప్రొద్దున ఎండలో కొంతసేపు కూర్చోబెట్టాలి.

లాక్షాగుగ్గులు వంటి యోగాలు వాడదలచినవారు శస్త్రవైద్యునికి చెప్పకుండా వాడరాదు. శస్త్రచికిత్స తర్వాత రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు. వాటితో మన మందులు కొన్ని సరిపడకపోవచ్చు. మర్దన విషయంలో మరీ జాగ్రత్త అవసరం. విరిగిన తుంటిని, కొత్తగా శస్త్రచికిత్స జరిగిన తుంటిని ఎన్నడూ మర్దించరాదు. పిక్క వాచి నొప్పి పెడుతుంటే అది గడ్డకట్టిన రక్తం కావచ్చు. దానిని మర్దిస్తే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలగవచ్చు.

శస్త్రచికిత్స జరిగిన మరునాడే డాక్టరు అనుమతితో కూర్చోబెట్టి, నిలబెట్టి, వాకర్‌తో అడుగులు వేయించాలి. "పాపం, పెద్దది, పడుకోనివ్వండి" అనే జాలి ఇక్కడ పనికిరాదు. మరొక విషయం. ఒక తుంటి విరిగిందంటే ఎముకలన్నీ గుల్లబారాయని అర్థం. 2127 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. తుంటి శస్త్రచికిత్స తర్వాత ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ సూది వేయించుకున్నవారిలో కొత్తగా ఎముకలు విరగడమే కాక మరణాలు కూడా తగ్గాయి. మూత్రపిండాల పరీక్ష చేసి, విటమిన్ డి లోపాన్ని సరిచేసి ఇవ్వవలసిన మందు అది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చేముందు దానిని గురించి తప్పక అడగండి.

చివరి మాట

అన్నిటికన్న మేలైన సాధనం అమర్చవలసిన అవసరమే రాకపోవడం. మన పల్నాడు ఇళ్ళలో నాపరాళ్ళ నేలలు సర్వసాధారణం. అరిగి నునుపెక్కిన నాపరాయి తడిసిందంటే గాజులా జారుతుంది. పెద్దవారు నడిచే దారిలో, స్నానాలగదిలో గరుకు పట్టా వేయండి. గోడకు పట్టుకొనే కమ్మీ బిగించండి. రాత్రి లేచే వేళకు చిన్నదీపం ఉంచండి. ఎత్తైన గడప కనిపించేటట్లు రంగు వేయండి. కంటిలో శుక్లాలుంటే తీయించండి. రక్తపోటు మాత్రలతో, నిద్రమాత్రలతో తల తిరుగుతున్నదేమో గమనించండి.

అయినా పడితే, పడిన పెద్దవారి పాదం బయటికి తిరిగి, కాలు పొట్టిగా కనిపిస్తే, లేచి నిలబడమని ఒత్తిడి చేయకండి. కాలు పొట్టిగా లేకపోయినా, గజ్జలో నొప్పితో బరువు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించండి. నరసరావుపేట, చిలకలూరిపేట, గుంటూరు మనకు దూరం కాదు. 108 వాహనం 2005 నుండి మన రాష్ట్రంలో తిరుగుతున్నది. వైద్యుని దగ్గరకు వెళ్ళిన తర్వాత ఈ ప్రశ్నలను ఈ వరుసలో అడగండి: ఎముక ఎక్కడ విరిగింది? ముక్కలు తొలగాయా? దీనికి తగిన సాధనమేది? మీ చేతికి బాగా అలవాటైనదేది? ఎప్పుడు చేస్తారు? మరునాడు లేపుతారా? ధర ప్రశ్న ఆ తర్వాత అడిగినా ఆలస్యం కాదు.

మరణం దగ్గరపడినవారికి, శస్త్రచికిత్సను శరీరం ఏమాత్రం తట్టుకోలేనివారికి, నొప్పి తగ్గించి ప్రశాంతంగా ఉంచడమే తగిన చికిత్స కావచ్చు. దానిని కూడా వైద్యులతో కూర్చొని మాట్లాడి నిర్ణయించాలి. కాని "వయసైపోయింది కదా" అన్న ఒక్క మాటతో ఎవరినీ మంచానికి అప్పగించకండి.

ఇప్పటికీ జారిపడినవారికి తైలం కావాలని నా దగ్గరకు వస్తుంటారు. ముందు పాదం ఎటు తిరిగి ఉన్నదని అడుగుతాను. బయటికి తిరిగి ఉన్నదంటే తైలం ఇవ్వను, బండి పిలిపిస్తాను. ఈ పద్ధతి నాకు ఏ గ్రంథమూ నేర్పలేదు, మా అత్తయ్య నేర్పింది. చదివిన మీరు ఆ పాఠాన్ని ఉచితంగా నేర్చుకోవాలన్నదే నా కోరిక.